నిత్య విద్యార్థి బ్రౌను

పరీక్ష నెగ్గి ఉద్యోగమున చేరగనే చదువు ముగిసినదని తలచువారు పెక్కురు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను అట్లు తలపలేదు.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. తండ్రి మరణించిన పిమ్మట ఇంగ్లండునకు పోయి చదువుకొని, 1817లో ఈస్టిండియా కంపెనీ కొలువునకై చెన్నపట్టణము వచ్చెను. కంపెనీ ఉద్యోగులు దేశభాషలలో పరీక్షలీయవలెను. అందుచే ఆయన సెంటు జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చెను. పరీక్ష నెగ్గి, 1820లో కడప కలెక్టరు కచ్చేరిలో చేరెను.

కచ్చేరి పనికి ఆ తెలుగు చాలియుండెను. కాని, తెలుగువారి కావ్యములను గూర్చి తనకేమియు తెలియదని బ్రౌను గ్రహించెను. 1824లో ఫ్రెంచి మతబోధకుడు డుబాయి వ్రాసిన గ్రంథమున వేమన ప్రస్తావన చూచి, ఆ పద్యములను సేకరింపసాగెను. ఒక ప్రతిలోని పద్యము మరియొక ప్రతిలో కానరాదు. కనబడినను పాఠము వేరు. తాటాకులు పురుగుల పాలగుచుండెను. ఆలస్యమైనకొలది గ్రంథములు నశించునని ఆయన కలతచెందెను.

కడపలోని తన బంగళాలో పండితులను, వ్రాయసగాండ్రను నియమించి, వారికి తానే జీతములిచ్చెను. వారు ఒక గ్రంథమునకు దొరకిన ప్రతులన్నియు చేర్చి, పాఠభేదములు గుర్తించి, శుద్ధప్రతి వ్రాసెడివారు. సందేహము కలిగినప్పుడు దొరతనము మరచి, బ్రౌను ఆ పండితులకే శిష్యుడయ్యెడివాడు.

1829లో వేమన పద్యములు 693 ఆంగ్లానువాదముతో ప్రకటించెను. అంతటితో తృప్తి చెందలేదు. మరల వెదకి, 1839లో 1164 పద్యములతో క్రొత్తకూర్పు వెలువరించెను. కావ్యములలోని మాటలనేగాక జనుల నోటి మాటలను గూడ చేర్చి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. తెలుగు అక్షరములు దిద్దిన నాటికిని నిఘంటువు వెలువడిన నాటికిని నడుమ ముప్పదియేండ్లకు పైగా గడచెను.

ఉద్యోగము విరమించి స్వదేశమునకు మరలిన పిమ్మటను ఆయన తెలుగును విడువలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన కన్నుమూసెను. కడపలో ఆయన బంగళా ఉండిన తావున నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది.

బ్రౌను పరీక్షతోనే చదువు చాలించినచో, కచ్చేరి కాగితములలో ఒక సంతకముగా మిగిలియుండెడివాడు. ఉద్యోగమునకు కావలసిన చదువు కొంతయే. ఉద్యోగములో నేర్వవలసినది అనంతము.