నవాబ్ అలీ నవాజ్ జంగ్

నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ (1877 జూలై 11 – 1949 డిసెంబరు 6) హైదరాబాదు రాజ్యానికి చెందిన ప్రముఖ ఇంజనీరు. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. మంజీర నదిపై నిజాంసాగర్ ప్రాజెక్టును నిర్మించిన చీఫ్ ఇంజనీరుగా ప్రసిద్ధుడు. నిజామాబాదు, బోధన్ ప్రాంతాల నేటి స్వరూపానికి, అనగా వరి మళ్ళకు, చెరకు తోటలకు, కాలువ గట్ల వెంట వెలసిన ఊళ్ళకు, ఈయన కాలువలే పునాది.

బాల్యము, విద్య

అలీ నవాజ్ జంగ్ తండ్రి మీర్ వాయిజ్ అలీ, హైదరాబాదు ప్రభుత్వంలో దఫ్తర్-ఎ-ముల్కీ కార్యాలయ సహాయ కార్యదర్శి. అలీ నవాజ్ జంగ్ హైదరాబాదులోని సెయింట్ జార్జి గ్రామర్ పాఠశాల, మదరసా-ఎ-ఆలియా మరియు నిజాం కళాశాలలలో చదువుకున్నాడు. 1896లో ప్రభుత్వ ఉపకారవేతనంతో ఇంగ్లండుకు వెళ్ళి, కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరాడు. భారతదేశపు ప్రజాపనుల శాఖకు ఇంజనీర్లను తయారుచేయడానికి ఏర్పడిన కళాశాల ఇది.

ఉద్యోగ జీవితం

1899లో స్వదేశానికి తిరిగివచ్చి ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరాడు. క్రమంగా పదోన్నతులు పొంది 1918లో చీఫ్ ఇంజనీరు అయ్యాడు. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదల తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు నగరానికి ఎగువన తలపెట్టిన రెండు జలాశయాలలో ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరదను ఆపడం, నగరానికి తాగునీరు ఇవ్వడం అనే రెండు పనులను ఒకే కట్టడం ద్వారా సాధించడం వీటి ప్రత్యేకత.

నిజాంసాగర్

నిజాంసాగర్ నిర్మాణం ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1923లో మొదలై 1931లో ముగిసింది. అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య మంజీరపై సుమారు 3 కిలోమీటర్ల పొడవున రాతి ఆనకట్టను నిర్మించారు. ఈ ప్రదేశం 2016 వరకు నిజామాబాదు జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజన తరువాత కామారెడ్డి జిల్లాలో చేరింది. జలాశయపు తొలి సామర్థ్యం 29.72 టీఎంసీలు (శతకోటి ఘనపుటడుగులు). 155 కిలోమీటర్ల ప్రధాన కాలువ ద్వారా సుమారు 2,75,000 ఎకరాలకు నీరందించడం ప్రాజెక్టు లక్ష్యం.

నీటిని ఎత్తిపోసే అవసరం లేకుండా, నేల వాలును అనుసరించి కాలువ సాగుతుంది. బాన్స్‌వాడ, వర్ని, బోధన్, నిజామాబాదు ప్రాంతాలకు నీరు చేరడంతో వానపై ఆధారపడిన జొన్న చేలు తరి పొలాలుగా మారాయి. చెరకుకు దాదాపు ఏడాది పొడవునా తడి కావాలి. కాలువ నీరు ఆ భరోసా ఇచ్చినందువల్లనే 1937లో బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. ఆ కర్మాగారం 2015లో మూతపడింది.

అలీసాగర్

నిజామాబాదు పట్టణానికి సమీపంలోని అలీసాగర్ జలాశయం 1931 ప్రాంతంలో నిజాంసాగర్ కాలువల వ్యవస్థలో భాగంగా ఏర్పడింది. దానికి ఈయన పేరే పెట్టారు. సాగునీటి నిల్వతో పాటు ఉద్యానవనాన్ని, గుట్టపై విశ్రాంతి భవనాన్ని, చుట్టూ ఉన్న అడవిని కలిపి తీర్చిదిద్దిన ప్రదేశమిది. పొలాలకు నీరిచ్చే చెరువే పట్టణ ప్రజలకు విహారస్థలం కూడా అయింది. జలాశయాన్ని ఒక యంత్రంగా గాక పరిసరాలలో ఒక భాగంగా భావించడానికి ఇది ఈ ప్రాంతంలో తొలి ఉదాహరణలలో ఒకటిగా చెప్పవచ్చు.

లబ్ధిదారులు, నష్టపోయినవారు

ప్రాజెక్టు ఫలితం అందరికీ సమానంగా దక్కలేదు. జలాశయం కోసం 40కి పైగా గ్రామాలను ఖాళీ చేయించారు. కాలువ సేద్యం అలవాటులేని స్థానిక రైతులు కొందరు భూములు అమ్ముకోగా, కృష్ణా, గోదావరి డెల్టాల నుండి వచ్చిన రైతులు వాటిని కొని వరి సాగుచేశారు. వారు స్థిరపడిన ఊళ్ళు కొన్ని నేటికీ పేరు చివర క్యాంపు అనే మాటతో ఉన్నాయి. కాలువ మొదట ఉన్నవారికి నీరు సమృద్ధిగా అంది, చివరి ఆయకట్టు తరచుగా ఎండిపోయేది.

పరీవాహక ప్రాంతం నుండి కొట్టుకువచ్చిన పూడిక వల్ల జలాశయం సామర్థ్యం తగ్గిపోయింది. గేట్ల ఎత్తు పెంచిన తరువాత అది 17.8 టీఎంసీలుగా ఉంది. ఎగువన సింగూరు జలాశయం వచ్చి, మంజీర నీరు హైదరాబాదు అవసరాలకు కూడా మళ్ళడంతో రాక మరింత తగ్గింది. చివరి ఆయకట్టును కాపాడడానికి 2000 దశకంలో గోదావరి నుండి అలీసాగర్ ఎత్తిపోతల పథకం చేపట్టవలసి వచ్చింది. వాలు వెంట తనంతట తాను పారిన కాలువకు విద్యుత్తుతో నీరు తోడిపోయవలసి రావడం, ఎగువ భూముల సంరక్షణ లేనిదే ఏ జలాశయమూ నిలువదని తెలియజేస్తుంది.

ముప్కాల్ ప్రాంతంతో సంబంధం

నిజామాబాదు జిల్లా ఉత్తర భాగంలోని ముప్కాల్, బాల్కొండ ప్రాంతాలు పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న పంటలకు పేరుపొందినవి. నిజాంసాగర్ నుండి విడుదలైన వరద నీరు మంజీర గుండా సాగి, కందకుర్తి వద్ద గోదావరిలో కలిసి, ముప్కాల్‌కు సమీపంలోని పోచంపాడు వద్ద ఉన్న శ్రీరాంసాగర్ జలాశయానికి చేరుతుంది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ అలీ నవాజ్ జంగ్ మరణానంతరం వచ్చినదే అయినా, రెండు జలాశయాలూ ఒకే నదీ వ్యవస్థకు చెందినవి.

ఇతర సేవలు

1929లో బొంబాయి ప్రభుత్వం సింధు నదిపై నిర్మాణంలో ఉన్న సుక్కూరు (లాయిడ్) బ్యారేజీని పరిశీలించడానికి విశ్వేశ్వరయ్యతో పాటు ఈయనను నియమించింది. 1938లో జవాహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదుల నియంత్రణ, నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షుడిగా వ్యవహరించాడు. ఈ విధంగా ఒక సంస్థానపు ఇంజనీరు అనుభవం దేశవ్యాప్త ఆలోచనకు ఉపయోగపడింది.

మరణము, స్మృతి

అలీ నవాజ్ జంగ్ 1949 డిసెంబరు 6న మరణించాడు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత, 2014 నుండి ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. దేశమంతటా విశ్వేశ్వరయ్య జన్మదినమైన సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరుగుతుంది. సుక్కూరు పరిశీలనలో కలిసి పనిచేసిన ఇద్దరు ఇంజనీర్లనూ తెలంగాణలో ఏటా ఇలా స్మరించుకుంటున్నారు.