నెపోలియన్ ఉత్తరాలు: పేరు పెరిగే కొద్దీ చిన్నదైన సంతకం.. వేలంలో మాత్రం కోట్లు!

2019 ఏప్రిల్‌లో పారిస్‌లోని డ్రువో వేలం హాల్లో మూడు పాత ఉత్తరాలు అమ్మకానికి వచ్చాయి. మూడూ కలిపి 5,13,000 యూరోలు పలికాయి. అప్పటి లెక్కన మన డబ్బులో దాదాపు 4 కోట్లు! రాసింది యూరప్ మొత్తాన్ని గడగడలాడించిన నెపోలియన్. అందుకున్నది భార్య జోసెఫిన్. అవి యుద్ధ ఆదేశాలు కావు.. ఉత్త ప్రేమలేఖలు.

నిజానికి నెపోలియన్ కథంతా అతని సంతకంలోనే కనిపిస్తుంది. 1769 ఆగస్టు 15న (అవును, మన ఇండిపెండెన్స్ డే తేదీనే) మధ్యధరా సముద్రంలోని కోర్సికా దీవిలో పుట్టాడు. ఆ దీవి ఫ్రాన్స్ చేతికి వచ్చింది అంతకు ముందు ఏడాదే. అందుకే కుర్రాడి సంతకం ఇటలీ పద్ధతిలో బువోనపార్టే అని ఉండేది. 16 ఏళ్లకు సైన్యంలో సెకండ్ లెఫ్టినెంట్, 24 ఏళ్లకే జనరల్. 1796 మార్చి 9న జోసెఫిన్‌ను పెళ్లి చేసుకున్నాడు. రెండు రోజులకే ఇటలీ యుద్ధానికి బయల్దేరాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే పేరులో ఇటలీ వాసన తీసేసి, ఫ్రెంచ్ పద్ధతిలో బోనపార్టే అని రాయడం మొదలుపెట్టాడు.

జోసెఫిన్ అతని కంటే ఆరేళ్లు పెద్ద. ఇద్దరు పిల్లల తల్లి. మొదటి భర్తను ఫ్రెంచ్ విప్లవంలో గిలెటిన్ బలి తీసుకుంది. నెపోలియన్ యుద్ధభూమి నుంచి వరసపెట్టి ఉత్తరాలు రాసేవాడు. ఆమె జవాబు ఇచ్చేది మాత్రం ఎప్పుడో ఒకటి. పారిస్‌లో ఆమె మరో యువ అధికారికి దగ్గరైంది.

ఆ సంగతి 1798లో ఈజిప్టులో ఉండగా అతనికి తెలిసింది. బాధంతా వెళ్లగక్కుతూ అన్న జోసెఫ్‌కు ఉత్తరం రాశాడు. కానీ అది అన్నకు చేరలేదు, దారిలోనే బ్రిటిష్ నౌకాదళానికి చిక్కింది. పట్టుబడ్డ ఫ్రెంచ్ ఉత్తరాలను లండన్‌లో ఏకంగా అచ్చు వేసేశారు. ఒక జనరల్ ఇంటి గొడవ శత్రుదేశంలో కాలక్షేపం కబురైపోయింది.

మన దేశానికి రావాల్సిన ఉత్తరానికీ అదే గతి పట్టింది. 1799 జనవరిలో కైరో నుంచి మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్‌కు నెపోలియన్ లేఖ పంపాడు. అదీ దారిలోనే బ్రిటిష్ వాళ్ల చేతికి వెళ్లింది. ఆ ఏడాది మే 4న శ్రీరంగపట్నం కోట కూలి టిప్పు చనిపోయాడు. ఆ ముట్టడిలో ఇంగ్లిష్ వాళ్ల పక్కన హైదరాబాద్ నిజాం సైన్యం కూడా ఉంది.

1804లో నెపోలియన్ చక్రవర్తి అయ్యాడు. ఇక ఇంటిపేరు అక్కర్లేదు, సంతకం నెపోలియన్ అయింది. తర్వాత అది నెపోల్, నెప్.. చివరికి ఒక్క ఎన్ అక్షరం! అతని సొంత దస్తూరి కోడి కెలికినట్టు ఉండేది. గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతుంటే కార్యదర్శులు రాసేవాళ్లు. అలా పోగైన ఉత్తరాలు ఇప్పుడు ఫ్రాన్స్‌లో 15 సంపుటాలుగా అచ్చయ్యాయి, అన్నీ కలిపి 40 వేలకు పైనే. కలెక్టర్లు ముందు చూసేది కూడా ఇదే. ఒంటి మీద సంతకం ఒక్కటే అతనిదా, మొత్తం సొంత చేత్తో రాశాడా అని. రెండో రకం తక్కువ. అందుకే ధర ఆకాశంలో ఉంటుంది.

వారసుడు లేడని 1809 డిసెంబరులో జోసెఫిన్‌కు విడాకులు ఇచ్చాడు. తర్వాతి ఏడాది ఆస్ట్రియా రాకుమారి మేరీ లూయిస్‌ను పెళ్లాడాడు. ఆమెకు రాసిన 300కు పైగా ఉత్తరాలు 1934లో లండన్ వేలానికి వస్తే ఫ్రాన్స్ ప్రభుత్వమే కొనుక్కుంది.

1812లో రష్యా మీదకు వెళ్లడంతో కథ అడ్డం తిరిగింది. మాస్కో వదిలి వెనక్కి మళ్లాక, అక్టోబర్ 20న అంకెల కోడ్‌లో ఓ లేఖ పంపాడు. అందులో సారాంశం.. క్రెమ్లిన్‌ను పేల్చేయబోతున్నామని. అన్నట్టే కొన్ని భాగాలు పేల్చారు కూడా. రెండు వందల ఏళ్ల తర్వాత, 2012 డిసెంబరులో ఆ కాగితం 1,87,500 యూరోలకు అమ్ముడైంది.

1814లో అతను ఎల్బా దీవిలో ప్రవాసంలో ఉండగానే జోసెఫిన్ చనిపోయింది. 1815 జూన్ 18న వాటర్లూలో ఓడిపోయాడు. బ్రిటన్ అతన్ని అట్లాంటిక్ మధ్యలోని సెయింట్ హెలెనా దీవికి పంపేసింది. అక్కడ పొద్దుపోక, తనను ఓడించిన వాళ్ల భాషే నేర్చుకోవడం మొదలుపెట్టాడు! వెంట వెళ్లిన లాస్ కాజ్ అనే ఆయనే టీచర్. 1816 మార్చి 9న ఇంగ్లిష్‌లో తప్పులతడకగా ఓ ఉత్తరం రాసి, దిద్దమని ఆయనకు పంపాడు. జోసెఫిన్‌తో పెళ్లయి ఆ రోజుకు సరిగ్గా 20 ఏళ్లు.

స్కూల్ పిల్లాడి హోంవర్క్ లాంటి ఆ ఒక్క పేజీ 2012 జూన్‌లో 3,25,000 యూరోలు పలికింది. క్రెమ్లిన్ లేఖ కంటే ఎక్కువ! రెండింటినీ కొన్నది పారిస్‌లోని ఒకే మ్యూజియం. దాని వెనకున్న సంస్థ పాత రాతప్రతుల్లో వాటాలు అమ్మి వేల మంది దగ్గర డబ్బు తీసుకుంది. 2015లో సంస్థ, మ్యూజియం రెండూ మూతపడ్డాయి. దాని కలెక్షన్‌ను ఆ తర్వాత విడతలవారీగా వేలం వేశారు.

నెపోలియన్ 1821 మే 5న ఆ దీవిలోనే కన్నుమూశాడు. వయసు 51.