మిల్ట్ జాక్సన్

మిల్టన్ జాక్సన్ (జనవరి 1, 1923 - అక్టోబరు 9, 1999) అమెరికాకు చెందిన ప్రముఖ జాజ్ వైబ్రాఫోన్ వాద్యకారుడు, స్వరకర్త. "బ్యాగ్స్" అనే ముద్దుపేరుతో ప్రసిద్ధుడు.

బాల్యం

మిచిగాన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ నగరంలో జన్మించాడు. చిన్నతనంలోనే గిటారు, పియానో అభ్యసించాడు. క్రైస్తవ భక్తిగీతాలు కూడా పాడేవాడు. ఆ గాత్రానుభవం అతని వాదనశైలిలో ప్రతిఫలించింది.

వాదనశైలి

వైబ్రాఫోన్‌లో వరుసగా అమర్చిన లోహపు పట్టీలను కర్రలతో తట్టి వాయిస్తారు. పట్టీల క్రింది గొట్టాలలో మోటారుతో తిరిగే బిళ్ళలు నాదానికి కంపనాన్నిస్తాయి. లయొనెల్ హాంప్టన్ ఈ బిళ్ళలను వేగంగా త్రిప్పగా, జాక్సన్ ఆ వేగాన్ని బాగా తగ్గించాడు. అందువలన దీర్ఘస్వరాలు గాయకుని కంఠం వలె నెమ్మదిగా ఊగుతూ వినిపించేవి.

సంగీత జీవితం

1945లో డిజ్జీ గిలెస్పీ బృందంలో చేరాడు. 1952లో పియానో వాద్యకారుడు జాన్ లూయిస్, పెర్సీ హీత్, కెన్నీ క్లార్క్‌లతో కలసి "మోడరన్ జాజ్ క్వార్టెట్"ను నెలకొల్పాడు. లూయిస్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు కట్టుబాట్లను ఇష్టపడేవాడు. జాక్సన్‌కు బ్లూస్, స్వేచ్ఛగా సాగే మనోధర్మం ప్రీతిపాత్రములు. ఈ భేదమే బృందానికి ప్రత్యేకతను, జాక్సన్‌కు అసంతృప్తిని తెచ్చింది. ఆదాయం కూడా చాలకపోవడంతో 1974లో అతడు వైదొలగగా బృందం విడిపోయింది. 1981లో తిరిగి ఏకమైంది.

రచనలు

12 బార్ల బ్లూస్ పద్ధతిలోని "బ్యాగ్స్ గ్రూవ్" ఇతని ప్రసిద్ధ రచన. 1954లో మైల్స్ డేవిస్ దీనిని రికార్డు చేసినపుడు జాక్సన్, థెలోనియస్ మంక్ కూడా వాయించారు. నేటికీ జాజ్ కళాకారులు దీనిని వాయిస్తూనే ఉన్నారు.

మరణం

కాలేయ క్యాన్సరుతో 76వ ఏట న్యూయార్క్‌లో మరణించాడు.