గాల్టన్ గీసిన రెండు గీతలు

ల్యాబ్‌లో రెండు లైన్ల కోడ్ రాస్తే లీనియర్ రిగ్రెషన్ అయిపోతుంది. కానీ రిగ్రెషన్ అంటే వెనక్కి వెళ్లడం. పాయింట్ల మధ్య గీత గీయడానికి ఆ పేరేంటి? ఆ పేరు ఫ్రాన్సిస్ గాల్టన్ నుంచి వచ్చింది.

1822లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. చార్లెస్ డార్విన్‌కి దగ్గర బంధువు. మెడిసిన్ మధ్యలో వదిలేశాడు, కేంబ్రిడ్జ్‌లో లెక్కలు చదివాడు. తండ్రి ఆస్తి కలిసొచ్చింది కాబట్టి ఉద్యోగం గొడవే లేదు. కనిపించినదల్లా కొలవడం ఒక్కటే అతని పిచ్చి.

1875లో బఠానీ జాతి పూలమొక్క గింజల్ని ఏడు సైజులుగా వేరుచేసి స్నేహితులకి పంచి పెంచమన్నాడు. పెద్ద గింజలకి పుట్టినవి పెద్దవే, కానీ తల్లి గింజలంత కాదు. తర్వాత మనుషుల మీద పడ్డాడు. ప్రైజులు పెట్టి కుటుంబాల వివరాలు తెప్పించాడు. 205 జంటలు, వాళ్ల 928 మంది ఎదిగిన పిల్లలు. ఆడవాళ్ల ఎత్తుని 1.08తో గుణించి, అమ్మానాన్నల సగటు తీశాడు. ఆ సగటు మామూలు కంటే 3 అంగుళాలు ఎక్కువైతే, పిల్లలు సుమారు 2 అంగుళాలే ఎక్కువ. సగటు వైపు ఈ వెనకడుగే రిగ్రెషన్. 1886లో ప్రచురించాడు.

అసలు మజా ఇక్కడుంది. అదే డేటాని తిప్పి, 3 అంగుళాలు ఎక్కువున్న పిల్లల నుంచి మొదలుపెడితే, అమ్మానాన్నల సగటు 1 అంగుళమే ఎక్కువ! పిల్లలు తల్లిదండ్రులకి ఎత్తు ఇవ్వరు కదా. అంటే ఈ వెనకడుగు రక్తంలో ఉన్న శక్తి కాదు, లెక్కలోనే ఉంది. ఎక్స్ నుంచి వై కనుక్కునే గీతని తిరగేసి వాడకూడదు, రెండోవైపుకి వేరే గీత కావాలి. బీపీ బాగా ఎక్కువున్న వాళ్లనే ఏరి మందిస్తే, మందు పనిచేయకపోయినా తర్వాతి కొలత సగటున తగ్గుతుంది. అందుకే మందు ఇవ్వని గుంపు కూడా ఉండాలి.

1888లో ఎత్తు, ముంజేయి లాంటి కొలతల్ని వాటి వాటి విస్తృతితో భాగించి చూశాడు. రెండు వైపులా ఒకే సంఖ్య వచ్చింది. అదే కోరిలేషన్. ఇప్పుడు మనం వాడే ఫార్ములాని కార్ల్ పియర్సన్ స్థిరపరిచాడు.

ఇంత తెలిసినవాడు సొంత నమ్మకం దగ్గర మాత్రం జాగ్రత్త మర్చిపోయాడు. గొప్పవాళ్ల బంధువుల్లో గొప్పవాళ్లు ఎక్కువ కాబట్టి తెలివి రక్తంలోనే వస్తుందని 1869లోనే పుస్తకం రాశాడు. ఆ బంధువులకి డబ్బు, చదువు, పరిచయాలు కూడా కలిసే వచ్చాయిగా! వాటిని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. అది కూడా తండ్రి ఆస్తితో బతికిన మనిషి. 1883లో యూజెనిక్స్ అనే మాట పుట్టించాడు. 1907లో అమెరికాలోని ఇండియానా, 1933లో నాజీ జర్మనీ ఆ ఆలోచనతోనే, పిల్లలు పుట్టకుండా బలవంతపు ఆపరేషన్లకి చట్టాలు చేశాయి.

గాల్టన్ 1911లో పోయాడు. 2020లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ తన లెక్చర్ హాల్‌కి అతని పేరు తీసేసింది. రిగ్రెషన్ అనే పేరు మాత్రం మన సిలబస్‌లో అలాగే ఉంది.