మూగజీవులకు విడిది కల్పించిన మేరీ టీల్బీ

అశ్వారావుపేట వంటి అడవి అంచు ఊళ్లలో వానకాలము వచ్చినదనిన, బడి వసారాలోనికి పిల్లలకంటె ముందుగా కుక్కపిల్లలు చేరును. తల్లి ఏ లారీ చక్రముల క్రిందనో పడియుండును; లేదా పెంచలేనివారు ఎవరో తెచ్చి ఊరి చివర వదలియుందురు. ఆయిల్‌పామ్ తోటల నడుమ సాగు బాటప్రక్కన తడిసి వణకుచు నిలిచిన ఆ ప్రాణిని చూచి బడిపిల్లలు జాలిపడుదురు. ఇంటికి తీసికొనిపోవుదమన్న పెద్దలు ఒప్పుకొనరు. వదలిపోవుదమన్న మనసొప్పదు.

ఈ రెంటి నడుమ మూడవ మార్గమొకటి కలదు. దానికొక స్థిరమైన ఇల్లు దొరకువరకు కొన్నినాళ్లు అన్నము పెట్టి, గాయము కడిగి, కాపాడి, పిమ్మట తగిన చేతులలో పెట్టుట. పెండ్లివారికి మనమిచ్చు విడిది వంటిది ఇది. వచ్చినవారు మన ఇంటివారు కారు. మన ఇంట ఉండిపోవువారును కారు. ఐనను ఉన్నన్నినాళ్లు వారికి లోటు రానీయము. దిక్కులేని కుక్కల విషయమున ఈ విడిది ధర్మమును ఒక సంస్థగా నిలిపిన స్త్రీ మేరీ టీల్బీ. ఆమె గొప్ప విద్వాంసురాలు కాదు, ధనవంతురాలు కాదు. ఆమె ప్రారంభించిన పని మాత్రము నేటికిని నడచుచున్నది.

మేరీ 1801లో ఇంగ్లండు దేశమునందలి హంటింగ్డన్ పట్టణమున జన్మించెను. పుట్టినింటివారు బేట్స్ వంశీయులు. హల్ అను రేవుపట్టణమున కలప వర్తకము చేయుచుండిన రాబర్ట్ టీల్బీని ఆమె వివాహమాడెను. ఆ కాపురము సుఖాంతము కాలేదు. నడివయసు దాటిన పిమ్మట, జబ్బుపడిన తల్లికి సేవ చేయుటకై ఆమె లండను నగరమునకు వచ్చెను. మరల భర్త ఇంటికి పోలేదు. నగరమునకు ఉత్తరమున నుండు హాలొవేలో, క్రైస్తవ మతాచార్యుడైన తన సోదరుడు ఎడ్వర్డ్ బేట్స్ చెంత నివసించుచు కాలము గడపెను.

ఆ దినములలో ఆంగ్లదేశపు న్యాయము వివాహిత స్త్రీకి స్వంతముగా ఆస్తి కలిగియుండు హక్కును దాదాపుగా ఈయలేదు. ఆ హక్కు 1870, 1882 సంవత్సరముల చట్టములతో గాని రాలేదు. కావున భర్తను వీడిన మేరీకి తనదని చెప్పుకొనదగిన ఇల్లు లేదనియే చెప్పవలయును. పుట్టినింటివారి నీడలో బ్రతుకుచుండిన ఆ స్త్రీయే ఇల్లులేని ప్రాణులకు ఇల్లు కల్పింప పూనుకొనుట గమనింపదగిన విషయము.

అప్పటి లండను ప్రపంచములోని మహానగరములలో మొదటిది. 1861 జనాభా లెక్కలలో దాని జనసంఖ్య 28 లక్షలు. పొగగొట్టములు, గుఱ్ఱపు బండ్లు, పేదల మురికివాడలు, వాని నడుమ లెక్కకు మించిన వీధికుక్కలు. వానిని చూచిన ప్రజలకు జాలికంటె భయము హెచ్చు. ఆ భయము నిష్కారణము కాదు. పిచ్చికుక్క కరచిన మనుష్యునకు ఆనాడు మందు లేదు; పాశ్చర్ పండితుడు 1885లో టీకా ప్రయోగించువరకు ఆ వ్యాధి అనిన మరణమే. కాబట్టి వీధిలో పడియున్న కుక్కను ముట్టుకొనుటయే సాహసము.

జంతువుల పట్ల క్రూరత్వమును మాన్పుటకు 1824లోనే లండనులో ఒక సంఘము వెలసినది. 1840లో విక్టోరియా రాణి దానికి రాజ సంఘమను గౌరవము నొసగెను. బండికి కట్టిన గుఱ్ఱమును చావమోదువానిని న్యాయస్థానమునకు ఈడ్చుట ఆ సంఘము పని. కాని ఎవ్వరును కొట్టకయే, కేవలము ఆకలిచేత చచ్చు కుక్క విషయమున దోషి ఎవడు? శిక్షించుటకు ఎవ్వడును లేని చోట చట్టము చేయగలిగినది స్వల్పము. అచట కావలసినది గుక్కెడు నీరు, పిడికెడు తిండి, తలదాచుకొనుటకు ఇంత చోటు.

మేరీకి సారా మేజర్ అను స్నేహితురాలు కలదు. ఆమె ఇల్లు ఇస్లింగ్టన్ ప్రాంతమున క్యానన్‌బరీ స్క్వేరులో నుండెను. 1860లో ఒకనాడు ఆకలిచే కృశించి చావునకు సిద్ధముగానున్న కుక్క ఒకటి ఆమె కంటబడెను. ఆమె దానిని తెచ్చి తన వంటయింట పరుండబెట్టెను. మేరీ అచటికి వచ్చి దానికి పరిచర్య చేసెను. ఇరువురును శక్తికొలది ప్రయత్నించిరి. కాని అప్పటికే ఆలస్యమైపోయినది. ఆ కుక్క బ్రతుకలేదు.

సామాన్యముగా ఇట్టి కథలు ఇచటనే ముగియును. చేయగలిగినది చేసితిమని నిట్టూర్చి మన పనులకు మరలుదుము. మేరీ అట్లు మరలలేదు. ఒక్క కుక్క స్నేహితురాలి కంటబడినది. కంటబడనివి వీధివీధినను కలవు. ఆమె తన ఇంట పాత్రలు తోముకొను చిన్నగదిని ఖాళీ చేసి, దిక్కులేని కుక్కలను అందు చేర్చసాగెను. గది చాలకపోవుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 1860 అక్టోబరు 2వ తేదీన హాలొవేలో ఆమె సంస్థ స్థాపితమయ్యెను. గుఱ్ఱపుశాలలు కుక్కల నివాసములయ్యెను. ఆ ఏటి నవంబరులో, పూర్వోక్త రాజ సంఘమువారి కార్యాలయముననే పెద్దల సభ జరిగి నిర్వాహక సంఘము ఏర్పడినది. సోదరుడు ఎడ్వర్డ్ ఆమెకు కుడిభుజమై నిలిచెను.

ఆ సంస్థకు ఆమె పెట్టిన పేరునందే ఆమె ఆలోచన అంతయు ఇమిడియున్నది. తప్పిపోయిన, ఆకలిగొన్న కుక్కలకు తాత్కాలిక నివాసము అని దాని అర్థము. ముసలివైన పెంపుడు కుక్కలను తెచ్చి వదలించుకొను చోటు కాదు. ధనవంతుల కుక్కలకు ఉచిత వైద్యశాల కాదు. వీధిలో నిజముగా దిక్కులేక పడియున్న కుక్కను దయగలవారు పంపుటకొక చోటు మాత్రమేనని సంస్థవారు స్పష్టముగా ప్రకటించిరి. తప్పిపోయిన కుక్కను యజమాని వచ్చి గుర్తించినచో అప్పగింతురు. గడువులోపల ఎవ్వరును రానిచో, బాగుగా చూచుకొనువారిని వెదకి వారికిత్తురు. ఒక కుక్క పోయినగాని మరియొక కుక్కకు చోటు లేదు. ప్రేమతో చేరదీయుట ఎంత ముఖ్యమో, ప్రేమతో విడిచిపెట్టుటయు అంత ముఖ్యము.

లోకము నవ్వినది. ఆ అక్టోబరు నెలలోనే టైమ్స్ పత్రిక ఈ ప్రయత్నమును ఎగతాళి చేయుచు సంపాదకీయము వ్రాసెను. ఆకలితో అలమటించు మనుష్యులు వేలకొలది ఉండగా కుక్కలకు ఇల్లు కట్టుట బుద్ధిమంతుల పనియా యని నవ్వినవారికి తోచెను. ఆ ప్రశ్నను కేవలము దుష్టుల ప్రశ్నయని త్రోసిపుచ్చరాదు. నేడు మన ఊళ్లలోను మంచివారే ఆ మాట యందురు. కాని దయ అనునది బిందెలోని నీరు వంటిది కాదు, ఒకరికి పోసిన మరియొకరికి తక్కువగుటకు. అది ఊటబావి వంటిది, తోడినకొలది ఊరును. వంటయింట చచ్చిపోవుచున్న కుక్క ప్రక్క కూర్చుండగల మనిషి, వాకిట నిలిచిన బిచ్చగానిని తరిమివేయునని తలచుట న్యాయము కాదు.

మేరీ వాదములు చేయుచు కూర్చుండలేదు, పని చేసెను. చందాలు చాలక, కుక్కల అరపులకు ఇరుగుపొరుగువారు కోపించుచుండ, సంస్థ ఎట్లో నిలిచినది. 1862 ఆగస్టులో చార్లెస్ డికెన్సు నడుపుచుండిన పత్రికలో ఒక వ్యాసము వెలువడినది. ఇస్లింగ్టనులో జరిగిన ఘనమైన కుక్కల ప్రదర్శన నొకవైపు, ఎవ్వరికిని అక్కరలేని హాలొవే కుక్కల నొకవైపు నిలిపి, ఆ వ్యాసము రెండవదాని పట్ల పాఠకులకు ఆదరము కలిగించెను. ఆ నవలాకర్త పత్రికకు ఇంటింట చదువరులుండిరి. ఎగతాళి క్రమముగా సన్నగిల్లెను.

కాని మేరీ ఆరోగ్యము క్షీణించెను. ఆమెకు క్యాన్సర్ వ్యాధి సోకినది. లండను విడిచి బిగిల్స్‌వేడ్ అను ఊర బంధువుల చెంతకు చేరి, 1865 అక్టోబరు 3వ తేదీన కన్నుమూసెను. సంస్థ పుట్టి అప్పటికి అయిదేండ్లు నిండి ఒక్క దినమైనది. చివరి శ్వాసయు ఆమె తనది కాని ఇంటనే విడిచెను.

తరువాతి చరిత్ర సుఖముగా సాగినదని చెప్పిన అసత్యమగును. 1867లో వచ్చిన చట్టము వీధికుక్కలను పట్టుకొను అధికారమును లండను పోలీసులకు ఇచ్చెను. వారు పట్టిన కుక్కలు సంస్థకు వెల్లువగా వచ్చిపడెను. అన్నింటికిని ఇండ్లు దొరకలేదు. అనేకములను చంపక తప్పలేదు. విడిది ఇచ్చువారు ఎందరున్నను, తుదకు ఇల్లు ఇచ్చువారు లేనిచో ఆ దయ సగములో ఆగిపోవునని ఆ దుఃఖకరమైన అనుభవము నేర్పినది. 1871లో సంస్థ బ్యాటర్సీకి తరలి ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధి చెందెను. 1883 నుండి పిల్లులకును అందు చోటు దొరకెను. 1885లో విక్టోరియా రాణి పోషకురాలయ్యెను. పాత్రలు తోము గదిలో మొదలైన ఆ నివాసము ఇంతవరకు 30 లక్షలకు పైగా జీవులకు ఆశ్రయమిచ్చినది.

ఈ ధర్మము మనకు విదేశములనుండి దిగుమతి కావలసినది కాదు. తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ధర్మరాజు కథను తిక్కన సోమయాజి మహాప్రస్థానిక పర్వమున మనకు తెలుగు చేసి ఇచ్చెను. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదలివేయుట ఆ చట్టము ప్రకారము నేరము. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ దిక్కులేని జంతువులను చేరదీసి, తగినవారికి పెంపకమున కిచ్చుచున్నది.

కాని అశ్వారావుపేట బడి వసారాలో వణకుచున్న కుక్కపిల్లకు హైదరాబాదు దూరము. అచట ఉండునది ఉపాధ్యాయుడు, కొందరు పిల్లలు, ఒక పాత గోనెసంచి. ఇంత గంజియన్నము పెట్టవచ్చును. పశువైద్యశాలకు తీసికొనిపోయి టీకా వేయింపవచ్చును. కరచినచో గాయమును సబ్బునీటితో పావుగంటసేపు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెనని పిల్లలకు ముందే చెప్పవచ్చును. పిమ్మట తోట కాపలావాడో, గొఱ్ఱెల కాపరియో, ఒంటరిగా నుండు అవ్వయో, ఎవరికి కుక్క కావలెనో ఊరంతయు విచారింపవచ్చును. ఇచ్చు దినమున పిల్లలు ఏడ్తురు. ఏడ్వనిండు. మరునాడు ఆ గోనెసంచి దులిపి ఆరవేసి దాచిన చాలును. వచ్చు వానకాలమునకు మరల పనికివచ్చును.