డాక్టర్ జాన్ స్నో

ఇంగ్లండు దేశమున యార్క్ నగరమందు 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన జాన్ స్నో జన్మించెను. అతని తండ్రి కూలిపని చేసి జీవించువాడు. 9 మంది సంతానములో జాన్ జ్యేష్ఠుడు. 14వ యేట అతడు న్యూకాసిల్ పట్టణమున ఒక శస్త్రవైద్యుని కడ శిష్యుడుగా చేరెను.

1831వ సంవత్సరమున ఆ ప్రాంతమున కలరా ప్రవేశించెను. గురువు పంపగా స్నో బొగ్గుగని కార్మికులకు చికిత్స చేయబోయెను. నాటి మందులేవియు ఫలింపలేదు. ఈ వ్యాధి ఎట్లు వ్యాపించునను ప్రశ్న ఆనాటినుండి అతనిని విడువలేదు.

పిమ్మట అతడు లండను చేరి, 1844లో ఎం.డి. పట్టము పొందెను. మత్తుమందులిచ్చుటలో మిక్కిలి నేర్పరియై, 1853లో విక్టోరియా రాణికి ప్రసవసమయమున క్లోరోఫారము నిచ్చెను.

దుర్వాసనతో కూడిన గాలియే కలరాకు కారణమని ఆ కాలపు వైద్యులలో పెక్కుమంది విశ్వసించిరి. గాలివలన వచ్చు వ్యాధి మొదట ఊపిరితిత్తులను పట్టవలెను గదా! కలరా మొదట కడుపును పట్టుచున్నది. కావున కలుషితమైన నీరే దీనికి మూలమని స్నో 1849లో ఒక చిన్న గ్రంథము వ్రాసెను. నిదర్శనము చాలదని పెద్దలు దానిని త్రోసిపుచ్చిరి.

1854వ సంవత్సరము ఆగస్టు తుదిదినమున లండనులోని సోహో పేటయందు కలరా ఒక్కుమ్మడిగా చెలరేగెను. 10 దినములలో 500 మందికి పైగా మరణించిరి. జనులు ఇండ్లు విడిచి పారిపోవుచుండగా స్నో ఆ వీధులలో ప్రవేశించెను. మృతుల జాబితా చేతబట్టి, వారు త్రాగిన నీరెక్కడిదని ఇంటింట విచారించెను. వారిలో పెక్కుమంది బ్రాడ్ వీధిలోని పంపునీరు త్రాగినవారే.

అతడంతటితో ఆగక, బ్రదికినవారిని గూర్చియు విచారించెను. పంపునకు చేరువనున్న పేదల ఆశ్రమమున 535 మంది ఉండగా 5 గురే మరణించిరి. అచ్చట వేరొక బావి కలదు. ఆ వీధిలోనే గల బీరు కర్మాగారమున 70 మందికి పైగా పనివారుండిరి, ఒక్కరును చావలేదు. వారు ఆ పంపునీరు త్రాగువారు కారు. దూరముననున్న హాంప్‌స్టెడ్‌లో మాత్రము ఒక వృద్ధవితంతువు కలరాతో మరణించెను. ఆ చుట్టుప్రక్కల వ్యాధియే లేదు. విచారింపగా, బ్రాడ్ వీధి నీటిపై మక్కువచే ఆమె దానిని ప్రత్యేకముగా తెప్పించుకొనుచుండెడిదని తెలిసెను. సోహో గాలి ఆమెను చేరలేదు. సోహో నీరు చేరెను.

సెప్టెంబరు 7వ తేదీన స్నో ఈ సంగతి స్థానిక పాలకులకు విన్నవించెను. మరునాడు వారు పంపు పిడిని ఊడదీయించిరి. అప్పటికే వ్యాధి తగ్గుముఖము పట్టియుండెను. ఆ నిజమును స్నో దాచలేదు. తన గ్రంథమున తానే వ్రాసెను.

హెన్రీ వైట్‌హెడ్ అను మతాచార్యుడు స్నో వాదము తప్పని చూపదలచి తానును ఇల్లిల్లు తిరిగెను. కాని పంపు ఎదుటి ఇంట ఒక పసిబిడ్డ ముందుగా జబ్బుపడినదనియు, ఆ బిడ్డ గుడ్డలుతికిన నీరు ఇంటి మురికిగుంటలో పోయబడినదనియు అతడే కనుగొనెను. త్రవ్వి చూడగా, ఆ గుంట బావికి సుమారు 3 అడుగుల దూరముననే ఉండెను. విరోధి మిత్రుడయ్యెను.

అయినను ప్రభుత్వము గాలివాదమును వీడలేదు. 1858 జూన్ 16వ తేదీన, 45వ యేట, స్నో మరణించెను. తన మాటను లోకము అంగీకరించుట అతడు చూడలేదు. 1884లో రాబర్ట్ కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మన కలకత్తా నగరపు చెరువునీటిలో కలరా సూక్ష్మజీవిని కనుగొనెను.

స్నో చూపిన మార్గము తరువాతి వారికి దారిదీపమయ్యెను. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక హోటలునందు మాజీ సైనికుల సభ జరిగెను. ఆ హోటలునకు వచ్చినవారిలో 182 మంది తెలియని నిమోనియాతో జబ్బుపడగా 29 మంది మరణించిరి. ఎవరెచ్చట నుండిరి, ఎవరు తప్పించుకొనిరి అని పరిశోధకులు స్నో వలెనే విచారించిరి. 1977 జనవరిలో దాని సూక్ష్మజీవి కనుగొనబడెను. అది నీటిలో పెరిగి, భవనములను చల్లబరచు యంత్రములనుండి లేచు తుంపరలతో ఊపిరితిత్తులను చేరగలదని తరువాత తేలెను. ఈసారి నీటిని గాలియే మోసెను.

సమాధానము మారినను మార్గము మారలేదు. రోగిని, ఆరోగ్యవంతుని సమానముగా ప్రశ్నించి, ఓపికతో ఇంటింటికి తిరిగి, కనబడిన సత్యమును దాచక చెప్పుటయే ఆ మార్గము.