ఎండుగడ్డి నీళ్ళలో దొరికిన రహస్యం

మైక్రోబయాలజీ చదివే నాకు పాశ్చర్, కోక్ పేర్లు మొదటినుంచీ తెలుసు. నాకు మరీ ఇష్టమైనవాడు మాత్రం ఫెర్డినాండ్ కోన్.

1828లో బ్రెస్లౌలో, అంటే ఇప్పటి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో పుట్టాడాయన. యూదుడని సొంతవూరి యూనివర్సిటీ డిగ్రీ ఇవ్వనంది. బెర్లిన్ వెళ్ళి, 1847లో పందొమ్మిదేళ్ళకే డాక్టరేట్ పుచ్చుకున్నాడు. తర్వాత అదే బ్రెస్లౌ యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యాడు.

ఎండుగడ్డి నానేసిన నీళ్ళు ఎంత మరగబెట్టినా మళ్ళీ క్రిములు కనబడేవి. జీవం దానంతటదే పుడుతుందనేవాళ్ళకి ఇదో ఆధారం. 1876లో కోన్ అసలు సంగతి తేల్చాడు. ఆ నీళ్ళలోని బాసిల్లస్ సబ్టిలిస్ తన కడుపులో సిద్ధబీజాన్ని తయారుచేసుకుంటుంది. అది మరుగునీళ్ళకి చావదు; అదను దొరికితే మళ్ళీ మొలకెత్తుతుంది.

ఆ కోట ఎలా కడుతుందో ఇవాళ మనకి తెలుసు. కణం అడ్డగోడతో రెండు భాగాలవుతుంది. పెద్దది చిన్నదాన్ని మింగుతుంది. దాని చుట్టూ పెప్టిడోగ్లైకాన్‌తో మందమైన గోడ, ఆపైన ప్రోటీన్ పొరలు పేరుస్తుంది. లోపల నీరు తగ్గి, కాల్షియం, డైపికోలినిక్ ఆమ్లం చేరతాయి. చివరికి తల్లికణం పగిలిపోతుంది, బీజం మిగులుతుంది.

అదే ఏడు రాబర్ట్ కోక్ అనే చిన్న ఊరి డాక్టరు ఆంత్రాక్స్ ప్రయోగాలు చూపిస్తానని వస్తే, కోన్ ఓపిగ్గా చూసి, ఆ వ్యాసాన్ని తన పత్రికలో అచ్చువేశాడు.

1898లో కన్నుమూశాడు. తనకి తలుపు మూసినచోటే మరొకరికి తలుపు తీసిన మనిషి. మిత్రులారా, సిద్ధబీజం బొమ్మ గీసేటప్పుడు ఆయన్నీ ఒకసారి తలుచుకుందాం.